1.84 పాజిటివ్ అంటే ఎంత పాజిటివ్?

రాత్రి పదకొండింటికి ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది. అందులో ఒక వరుస మాత్రం లావు అక్షరాల్లో ఉంటుంది: హెచ్‌ఎస్‌వి-2 ఐజీజీ 1.84, పాజిటివ్. అంటే, ముఖ్యంగా లైంగిక కలయికతో సోకే హెర్పెస్ వైరస్ రెండో రకాన్ని ఎదుర్కోడానికి ఒళ్ళు తయారుచేసుకునే ఐజీజీ అనే యాంటీబాడీ రక్తంలో కనబడిందని. డాక్టరేమో పొద్దున్న పదింటికి గానీ దొరకరు. ఈలోగా మనిషి గూగుల్‌ని ఎన్ని అడుగుతాడో, పక్కన పడుకున్నవాళ్ళని ఎన్ని రకాలుగా అనుమానిస్తాడో చెప్పలేం. ముందుగా అడగాల్సిన ప్రశ్న మాత్రం తోచదు. 1.84 అంటే దేనికి 1.84?

ఇది ఎలైసా పరీక్ష. ప్లాస్టిక్ పలకలో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటి అడుగున హెర్పెస్ వైరస్ పైపొరలోని గ్లైకోప్రొటీన్ జి అనే ప్రొటీన్‌ని అంటించి ఉంచుతారు. అందులో మన సీరం (రక్తంలోంచి వేరుచేసిన తేట) పోస్తే, ఆ ప్రొటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీలు అతుక్కుంటాయి, మిగతావి కడిగినప్పుడు పోతాయి. ఆ తర్వాత కలిపే రసాయనాలతో రంగు తేలుతుంది. పసుపులో సున్నం పడేకొద్దీ పారాణి ఎర్రబడినట్టు, యాంటీబాడీలు అతుక్కున్నకొద్దీ రంగు చిక్కబడుతుంది. యంత్రం ఆ చిక్కదనాన్ని కొలిచి, కిట్‌తో వచ్చిన నమూనా రంగుతో పోల్చి ఒక అంకె ఇస్తుంది. దాన్నే ఇండెక్స్ అంటారు. బాగా వాడుకలో ఉన్న కిట్లలో 0.9 లోపు వస్తే నెగటివ్, 1.1 దాటితే పాజిటివ్, ఆ మధ్యలోది ఎటూ తేలనిది. కాబట్టి 1.84 ఒంట్లో ఉన్న వైరస్‌ల లెక్క కాదు, జబ్బు తీవ్రత అంతకన్నా కాదు. గీతకి కాస్త పైన తేలిన రంగు, అంతే.

ఆ కాస్త పైన ఉన్న రంగుతోనే చిక్కంతా. హెచ్‌ఎస్‌వి-1, హెచ్‌ఎస్‌వి-2 దగ్గరి దాయాదులు. రెంటి ప్రొటీన్లూ చాలావరకు ఒకలాగే ఉంటాయి. గ్లైకోప్రొటీన్ జి బాగా వేరుగా ఉంటుంది కాబట్టే పరీక్షకి దాన్ని ఎంచుకున్నారు. అయినా వేరే దేనికో తయారైన యాంటీబాడీ ఒక్కోసారి దీనికీ బలహీనంగా అతుక్కుంటుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎలైసా ఫలితాలని మరింత కచ్చితమైన వెస్టర్న్ బ్లాట్ అనే యాంటీబాడీ పరీక్షతో పోల్చి 2017లో ప్రచురించారు. హెచ్‌ఎస్‌వి-2 ఇండెక్స్ 1.1 నుంచి 2.9 దాకా వచ్చినవాళ్ళలో సుమారు 40 శాతానికే జబ్బు ఉన్నట్టు తేలింది. 3 దాటినవాళ్ళలో అది దాదాపు 79 శాతం. అందుకే అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాల్లో ఇలాంటి పాజిటివ్‌ని వేరే పద్ధతిలో చేసే రెండో పరీక్షతో ఖాయం చేసుకోమంది. అదే కిట్‌తో మర్నాడు ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే, ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టవుతుంది.

కిట్ మంచిదైనా ఇంకో లెక్క మిగిలే ఉంటుంది. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకోండి. వెయ్యిమందిలో 50 మందికే ఆ వైరస్ ఉందనుకుందాం. ఆ 50 మందిలో 47, 48 మందిని పట్టుకుంటుంది. వైరస్ లేని 950 మందిలో నూటికి అయిదుగురి చొప్పున మరో 47, 48 మందికీ పాజిటివ్ అంటుంది. చేతిలో పాజిటివ్ కాగితం ఉన్నవాళ్ళలో సగంమందికి ఏమీ లేదన్నమాట! ఏ ముందస్తు పరీక్ష ఎవరికి అవసరమో చెప్పే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, 2016లో ఇలాంటి లెక్కే వేసి, లక్షణాలు లేనివాళ్ళకి ఈ పరీక్ష మామూలుగా చెయ్యొద్దంది. 2023లోనూ అదే మాట మీద నిలబడింది.

మన దగ్గర ఈ పరీక్ష ఎక్కువమందికి ఎదురయ్యేది టార్చ్ ప్యానెల్ రూపంలో, అంటే గర్భానికి హాని చేయగల కొన్ని ఇన్‌ఫెక్షన్లకి కలిపి చేసే రక్తపరీక్ష. గర్భం నిలవలేదనగానే రాయించేస్తారు. అందులో హెర్పెస్ ఐజీఎం (ఇంకో రకం యాంటీబాడీ) పాజిటివ్ వస్తే, ఆ కాగితం పట్టుకుని అత్తగారింట్లో పంచాయితీ మొదలవుతుంది. నా మటుకు ఈ వరుసని ఆ ప్యానెల్లోంచి తీసేస్తే మంచిదనిపిస్తుంది. ఐజీఎం అంటే కొత్తగా సోకిందని అర్థం అనుకుంటారు. కానీ హెర్పెస్‌లో పాత వైరస్ మళ్ళీ లేచినప్పుడూ అది రావచ్చు, పైగా ఒకటో రకమో రెండో రకమో చెప్పలేదు. సీడీసీ దాన్ని వాడొద్దనే చెబుతోంది. మళ్ళీ మళ్ళీ గర్భస్రావం కావడానికి హెర్పెస్‌ని కారణంగా చూపడానికీ ఆధారం లేదు.

ఇక హెచ్‌ఎస్‌వి-1 ఐజీజీ పాజిటివ్ అంటే, చాలామందితోపాటు మీరూ అని. ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మందికి అది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చిన్నప్పుడు ఏ మేనత్తో పెట్టిన ముద్దుతోనే వచ్చి ఉండొచ్చు. జ్వరం తగ్గాక పెదవి మీద లేచే పొక్కులు సాధారణంగా దీని పనే. అది నోటి దగ్గరుందో ఇంకెక్కడుందో మాత్రం రక్తం చెప్పదు. (సర్పి వేరు. దాని వైరస్ ఇదే కుటుంబంలో ఇంకొకటి. తమాషా ఏమిటంటే, పాకడం అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచి హెర్పెస్, దానికి తోబుట్టువైన సంస్కృత ధాతువు నుంచి సర్పం వచ్చాయి.)

భయంలో ఇంకో రకం ఉంది. ఎప్పుడో జరిగిన ఒక్క కలయిక గుర్తుకొచ్చి అయిదో రోజునే పరీక్షకి పరిగెత్తడం. యాంటీబాడీలు కనబడేంతగా పెరగడానికి 12 వారాల దాకా పట్టొచ్చు, కాబట్టి అయిదో రోజు నెగటివ్‌కి విలువ లేదు. 12 వారాలు దాటాక వచ్చిన నెగటివ్‌ని చాలావరకు నమ్మవచ్చు. దాన్నీ నమ్మలేక నాలుగోసారి రక్తమిచ్చేవాళ్ళుంటారు. రోజూ బాత్రూంలో ఫోన్ టార్చి వేసి చర్మాన్ని వెతుకుతారు, అంత వెతికితే ఎవరికైనా ఎక్కడో చోట చిమచిమలాడుతుంది. అక్కడ చికిత్స కావాల్సింది ఆందోళనకే. ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇలాంటి భయాలకి బాగా పనిచేస్తుంది, సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడక్కర్లేదు.

నిజంగానే ఉందని తేలితే? వైరస్ పూర్తిగా పోదు. కానీ చాలామందికి లక్షణాలే ఉండవు, ఉన్నవాళ్ళకీ ఏళ్ళు గడిచేకొద్దీ రావడం తగ్గుతుంది. రోజూ వాలాసైక్లోవిర్ అనే వైరస్ మందు వేసుకుంటే హెచ్‌ఎస్‌వి-2 భాగస్వామికి సోకే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అసలైన జాగ్రత్త కావాల్సింది గర్భిణులకి, ముఖ్యంగా చివరి నెలల్లో మొదటిసారి సోకితే. పుట్టే బిడ్డకి అది ప్రమాదం, డాక్టరుకి తప్పక చెప్పాలి.

పొద్దున్న డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "పాజిటివ్" అన్న మాటకన్నా పక్కనున్న అంకె, కిట్ పేరు, అనుమానపడ్డ తేదీ, ఎప్పుడైనా పొక్కులు వచ్చాయా అన్నది చెప్పండి. ఇకముందు పొక్కు లేస్తే ఆయింట్‌మెంటు రాయకుండా, ఎండిపోకముందే, ఒకటి రెండు రోజుల్లోనే వెళ్ళి దాని మీంచి దూదిపుల్లతో నమూనా తీయించి పీసీఆర్ చేయించుకోండి. రక్తం తేల్చలేనిది చాలాసార్లు అది తేలుస్తుంది, ఏ రకమో కూడా చెబుతుంది.