మంట ఉన్నవాడికే వైద్యమా?

తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. అక్కడి రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించిన వైద్య దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ ఆ ఫలితాలను 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందిలో స్త్రీ సంబంధమైన లేదా లైంగిక వ్యాధి ఏదో ఒకటి ఉంది. అంతకుముందు పరీక్ష, చికిత్స పొందినవారు నూటికి 8 మందే. వీటిలో అన్నీ లైంగికంగా సోకినవే కావు, రుతు సమస్యలూ ఉన్నాయి. కానీ 45 శాతం మంది తమకు ఏ బాధా లేదనే చెప్పారు.

దీనికి సిగ్గే కారణమని తేల్చేయడం తేలిక. శరీరం సంగతీ చూడాలి. గనేరియా అనే లైంగిక వ్యాధి సోకిన మగవారిలో చాలామందికి కొద్ది రోజుల్లోనే మూత్రంలో మంట, చీము మొదలవుతాయి. ఆ మంటే అతణ్ణి మందుల షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో తరుముతుంది. (సరైన చోటికే వెళ్తాడని కాదు. గోడల మీది గుప్తరోగాల ప్రకటనలు అతన్ని నమ్ముకునే బతుకుతున్నాయి.) స్త్రీలో అదే క్రిమి గర్భాశయ ముఖద్వారంలో చేరి తరచూ ఏ లక్షణమూ చూపదు. క్లమీడియా అనే మరో లైంగిక వ్యాధి మరీ గుట్టుగా ఉంటుంది. కాస్త తెల్లబట్ట కనిపించినా వేడి చేసిందనో, నీరసమనో సరిపెట్టుకుంటారు. ఈలోగా ఇన్ఫెక్షన్ పైకి పాకి అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ నాళాలను మూసేయవచ్చు.

పోనీ, ఆమె ఆసుపత్రికి వెళ్ళిందే అనుకుందాం. లైంగిక వ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో లక్షణాన్ని బట్టి రంగురంగుల మందుల కిట్‌లు ఇస్తారు. మగవాడికి చీము కారితే బూడిద రంగు కిట్, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్స్. అతని విషయంలో ఈ లెక్క బాగానే కుదురుతుంది. స్త్రీలో తెల్లబట్టకు చాలాసార్లు కారణం గనేరియా కాదు, గనేరియా ఉన్న స్త్రీకి తెల్లబట్ట ఉండకనూ పోవచ్చు. మగవాడి కొలతలతో కుట్టిన చొక్కా ఇది.

అమెరికాలో క్లమీడియా కేసులు స్త్రీలలోనే ఎక్కువగా నమోదవుతాయి. లైంగిక జీవితం ఉన్న పాతికేళ్ళ లోపు స్త్రీలకు లక్షణాలు లేకున్నా పరీక్ష చేయాలన్న సిఫారసు ఉండటం అందుకు పెద్ద కారణం. యువకులందరికీ అలాంటి సిఫారసు లేదు. అక్కడ లెక్కకు అందనిది మంట లేని మగవాడే.

మన దగ్గర లక్షణాలు లేని స్త్రీని పిలిచి పరీక్షించే సందర్భం గర్భధారణ. అప్పుడు సిఫిలిస్ అనే లైంగిక వ్యాధికి రక్తపరీక్ష చేస్తారు, బయటపడితే పెన్సిలిన్ సూది బిడ్డనూ కాపాడుతుంది. భర్తకు చికిత్స చేయకపోతే ఆమెకు మళ్ళీ సోకుతుంది. ఆ మాట ఇంట్లో చెప్పాల్సింది మాత్రం ఆమే, నింద ఎవరి మీద పడుతుందో తెలిసి కూడా. పైగా మన రెండు రాష్ట్రాల్లో చాలామందికి పాతికేళ్ళు నిండేసరికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోతుంది, ఆ సందర్భమూ పోతుంది. ముప్పై దాటాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒకటి ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాన్ని ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ముఖద్వారాన్ని ఎలాగూ చూసే పరీక్షే కనుక, ఇన్ఫెక్షన్‌ను వెతకడానికి వేరే గదీ, వేరే బోర్డూ అక్కర్లేదు.