సినిమా చూసి, బాల్డర్స్ గేట్ ఆడి టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ల అపోహలు

2023లో మార్చి చివర ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ సినిమా, ఆగస్టులో పీసీ మీద ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ వచ్చాయి. వాటి పుణ్యమా అని టేబుల్ మీద ఆడే ఆర్‌పీజీల (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆటల) వైపు కొత్తవాళ్లు చాలామంది తిరిగారు. చాలా సంతోషం. కానీ వాళ్లు వెంట తెచ్చుకునే నమ్మకాలు కొన్ని ఆటను మొదట్లోనే చంపేస్తున్నాయి. కింది లెక్కలన్నీ ఆ రెంటికీ మూలమైన టేబుల్ ఆట డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) 5వ ఎడిషన్‌వి.

అపోహ: డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి) కావాలంటే సినిమా స్క్రిప్టులా కథంతా ముందే రాసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనివల్లే. ఆడతామనేవాళ్లు నలుగురు దొరుకుతారు, నడిపేవాళ్లు మాత్రం దొరకరు. అడిగితే “అంత కథ అల్లడం నా వల్ల కాదు” అంటారు. ఆ భయం నిజమైనదే, కానీ దానికి కారణం లేదు. ధైర్యం చేసినవాళ్లేమో ముప్ఫై నలభై పేజీలు రాస్తారు. మొదటి గంటలోనే ప్లేయర్లు ఇంకో దారి పడతారు. వాళ్లను రాసుకున్న కథలోకి లాక్కురావడానికి డీఎం తంటాలు పడతారు. తాము ఏం చేసినా ఒకటేనని అర్థమయ్యాక ప్లేయర్లు ఫోన్లు చేతిలోకి తీసుకుంటారు. రెండో సెషన్ జరగదు.

సినిమాలో హీరో ఏం చేస్తాడో రాసినవాళ్లకు తెలుసు. ఇక్కడ హీరోలు ప్లేయర్ల చేతిలో ఉంటారు. అందుకే జరగబోయేది రాయడం మానేసి, ఎవరికి ఏం కావాలో రాసుకోండి. మూడు గంటల సెషన్‌కు ఒక్క పేజీ చాలు.

ఇలాగన్నమాట: ఊరి వైద్యురాలిని దొంగల ముఠా ఎత్తుకెళ్లింది. డబ్బు కోసం కాదు; నాయకుడి కాలి గాయం చీము పట్టింది, వైద్యం కావాలి. అతనికి బతకాలని ఉంది. అతని కింద ఉన్న రెండోవాడికి అతను పోతే ముఠా తన చేతికొస్తుందన్న ఆశ. నయమయ్యాక తనను వదులుతారన్న నమ్మకం లేక వైద్యురాలు కావాలనే ఆలస్యం చేస్తోంది. చోట్లు మూడు: ఆమె ఇల్లు, ఏటి గట్టు, పాడుబడ్డ కోట. గడువు ఒకటి: ఎవరూ కలగజేసుకోకపోతే రేపు సాయంత్రానికి నాయకుడు చనిపోతాడు, రెండోవాడు ఆమెను ప్రాణాలతో ఉంచడు. ఇంతకు మించి అక్కర్లేదు. ప్లేయర్లు కత్తులు దూసినా, రాత్రికి గోడ దూకినా, రెండోవాడితో బేరం కుదుర్చుకున్నా, నాయకుడికి తామే మందు తెచ్చిస్తామన్నా ఆ పేజీ పనికొస్తుంది.

ఇక్కడ బోల్తా పడే చోట్లు మూడున్నాయి.

మొదటిది ఆధారాలు. ముఠా కోటలో ఉందని తెలిపే ఆధారం ఒక్కటే పెట్టి, దాన్ని డీసీ (గెలవడానికి చేరాల్సిన అంకె) 15 పర్సెప్షన్ (గమనించే నేర్పు) రోల్ వెనక దాచకండి. ఆ నేర్పుకు రోల్‌కు కలిపే +3 ఉన్న క్యారెక్టర్‌కు డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 12 గానీ ఆపైన గానీ పడాలి, అంటే 45 శాతం. ఒక్కరే వెతికితే సగానికి పైగా సార్లు కథ అక్కడే నిలిచిపోతుంది. అదే సంగతి మూడు చోట్ల తెలిసేలా పెట్టండి: ఇంట్లో గాయాల మందుల అర ఒక్కటే ఖాళీగా ఉండటం, ఏటి గట్టున చీము, నెత్తురు అంటిన గుడ్డలు, కోట వైపు సరుకులు మోసే కుర్రాడు. వీటిలో కనీసం ఒకటి రోల్ లేకుండానే కనిపించాలి.

రెండోది ఓడిన రోల్. డైస్ వేయించే ముందు “తప్పితే ఏమవుతుంది?” అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి. కోట గేటు దగ్గర కాపలావాడి మీద పర్స్యుయేషన్ (ఒప్పించడం), డీసీ 15, మొత్తం 12 వచ్చింది అనుకుందాం. “ఒప్పుకోలేదు” అని ఊరుకుంటే వెంటనే పక్కనున్నవాళ్లు “నేనూ ట్రై చేస్తా” అంటారు, అలా నలుగురూ వేస్తారు. దానికి బదులు అతను “ఉండండి, లోపల అడిగొస్తా” అని వెళ్లిపోతాడు. మీరొచ్చిన సంగతి ఇప్పుడు రెండోవాడికి తెలిసిపోతుంది. గేటు దగ్గర కాసేపు ఎవరూ ఉండరు. రోల్ పోయింది, ఆట ముందుకే సాగింది.

మూడోది మొదటి పోరాటం. 1వ లెవెల్ ప్లేయర్లు నలుగురికి మామూలు బాండిట్లు (దొంగలు) నలుగురు సరిపోతారు. 5వ ఎడిషన్ 2014 రూల్స్ లెక్కన అది మీడియం కష్టం. బాండిట్ కెప్టెన్‌ను మాత్రం దింపకండి. అదే రూల్స్‌లో అతనికి 65 హెచ్‌పీ (ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో చెప్పే అంకె), ఒక టర్న్‌లో మూడు దాడులు. 1వ లెవెల్ విజర్డ్‌కు ఉండేది ఏడెనిమిది హెచ్‌పీ.

అపోహ: 20 పడితే ఏదైనా జరిగి తీరాలి, 1 పడితే సర్వనాశనం.

ఇది ‘బాల్డర్స్ గేట్ 3’ నుంచి వచ్చిన అలవాటు. అందులో స్కిల్ చెక్‌కు కూడా 20 అంటే గెలుపే, 1 అంటే ఓటమే. టేబుల్ రూల్స్‌లో ఆ ప్రత్యేకత దాడి రోల్‌కు, డెత్ సేవ్‌కు (చావుబతుకుల్లో ఉన్నప్పుడు వేసే రోల్‌కు) మాత్రమే. +9 ఉన్న దొంగ డీసీ 10 తాళం మీద 1 వేసినా మొత్తం 10 అవుతుంది, తాళం తెరుచుకుంటుంది. రాజు కిరీటం ఇచ్చేయడం లాంటి ఎలాగూ జరగనిదానికి డీఎం అసలు రోల్ అడగకూడదు. అడిగాక 20 పడితే కాదనడం అన్యాయం.

“1 పడితే కత్తి విరుగుతుంది” అనే ఇంటి రూల్ ఇంకా చెడ్డది. 1వ లెవెల్ ఫైటర్ టర్న్‌కు ఒక దాడి చేస్తే 1 పడే అవకాశం 5 శాతం. 5వ లెవెల్‌లో రెండు దాడులు, 9.75 శాతం. 11వ లెవెల్‌లో మూడు, 14 శాతం దాటుతుంది. నేర్పు పెరిగేకొద్దీ కత్తులు ఎక్కువ విరుగుతాయన్నమాట! దయచేసి ఆ రూల్ తీసేయండి.

అపోహ: నటన, గొంతులు మార్చడం రావాలి.

అక్కర్లేదు. “మా బార్డ్ (పాటగాడి పాత్ర) కాపలావాణ్ణి మాటల్లో పెడతాడు, పెళ్లి బృందంలో వచ్చామంటాడు” అని చెప్పినా పూర్తి రోల్‌ప్లేనే. ఏం అడుగుతున్నారో, ఎలా అడుగుతున్నారో తెలిస్తే చాలు. బిడియస్తులను గొంతు మార్చమని ఒత్తిడి చేసే టేబుల్‌దే తప్పు.

అపోహ: బోలెడు ఖర్చు.

మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ని 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా ఇస్తున్నారు. ఏడు డైస్‌ల సెట్ ఒకటి, పెన్సిళ్లు, కాగితం ఉంటే ఆట మొదలవుతుంది. బొమ్మలు లేకపోతే గుండీలు పెట్టుకోండి.

ఈ ఆట పిల్లలను క్షుద్రపూజలకు లాగుతుందన్న మాట 1980ల్లో అమెరికాలో పుట్టిన పుకారు. ఆధారం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దాని మీద ఇంతకన్నా సమయం వృథా చేయను.

ఇక సినిమాలో డోరిక్ అనే పాత్రలా డ్రూయిడ్ (ప్రకృతి శక్తులు వాడే పాత్ర) ఔల్‌బేర్‌గా (గుడ్లగూబ, ఎలుగుబంటి కలిసిన జీవిగా) మారొచ్చా అని అందరూ అడుగుతారు. రూల్ ప్రకారం కుదరదు: వైల్డ్ షేప్ (డ్రూయిడ్ రూపం మార్చే శక్తి) బీస్ట్‌లకే (జంతువులకే), ఔల్‌బేర్ మాన్‌స్ట్రాసిటీ (వింత జీవుల రకం). ప్లేయర్ ముచ్చటపడితే, ఆ డ్రూయిడ్ బ్రౌన్ బేర్‌గా మారగల స్థాయికి వచ్చాక దాని స్టాట్స్ అలాగే ఉంచి, రూపం మాత్రం ఔల్‌బేర్‌దని వర్ణించండి. ఏ లెక్కా తప్పదు.