ఉచితంగా వినిపిస్తే హక్కులు అడ్డురావా? ప్రకృతి ఆడియో పుస్తకాల గురించి అపోహలు - వాస్తవాలు

అడవులు, పక్షులు, సేద్యం, పర్యావరణం గురించిన పుస్తకాలను తెలుగులో చదివించి ఆడియోగా తయారుచేసే పనిలో ఉన్నందువల్ల, వాటిని వినేవారి నుంచీ, తామే చదివి వినిపించాలని ఉత్సాహపడేవారి నుంచీ నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. మనుషులు మారుతారు గాని మాట మారదు: "మేము డబ్బేమీ తీసుకోవడం లేదండీ, రచయిత పేరు కూడా వేశాము, ఇక అభ్యంతరం ఏముంటుంది?"

అపోహ: ఉచితంగా వినిపిస్తే, రచయిత పేరు చెబితే కాపీరైట్ వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. పుస్తకాన్ని చదివి రికార్డు చేసే హక్కు, ఆ రికార్డును అందరికీ అందుబాటులో ఉంచే హక్కు హక్కుదారుకే ఉంటాయి. పేరు చెప్పడం మర్యాదే, కాని అది అనుమతికి బదులు కాదు. "కాపీరైట్ ఉల్లంఘన మా ఉద్దేశం కాదు" అని వీడియో కింద రాస్తే సరిపోతుందని ఎవరు పుట్టించారో గాని, ఆ వాక్యాన్ని ఒకరి నుంచి ఒకరు దించుకుంటూనే ఉన్నారు. దానికి చట్టం ముందు చిల్లిగవ్వ విలువ లేదు. యూట్యూబ్‌లో తొంభై రోజుల వ్యవధిలో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానెల్ మొత్తం పోవచ్చు. నాకు తెలిసిన ఒక గృహిణి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫ్యాను ఆపుకొని, వీధిలో కుక్కలు సద్దుమణిగేదాకా కాచుకొని, నెలల తరబడి ఒక్కో అధ్యాయం చదివి పెట్టిన పుస్తకం అలాగే ఒక పూటలో మాయమైంది. ఆమె ఉద్దేశాన్ని ఎవరూ శంకించలేదు. అనుమతి పత్రం ఉందా అని మాత్రమే అడిగారు.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత జీవించి ఉండగా వెలువడిన పుస్తకంపై హక్కు, ఆయన మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. పులుల వేట కథలు రాసిన జిమ్ కార్బెట్ 1955లో మరణించారు కనుక ఆయన ఆంగ్ల రచనలను 2016 నుంచి మన దేశంలో ఎవరైనా చదివి వినిపించవచ్చు. 1987లో మరణించిన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుస్తకాలకు 2047 చివరి దాకా ఆగవలసిందే. ఇక్కడిదాకా లెక్క అందరికీ అర్థమవుతుంది, చిక్కు మొదలయ్యేది అనువాదాలతోనే. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో మరణించినందున 'ఆరణ్యక' బెంగాలీ మూలానికి గడువు ఎప్పుడో తీరింది, కాని మనం 'వనవాసి'గా చదువుకున్న తెలుగు అనువాదం మీది హక్కు వేరు, దాని గడువును లెక్కగట్టేది అనువాదకుడి జీవితకాలాన్ని బట్టి. దేశాన్ని బట్టి కూడా గడువు మారుతుంది. పురుగుమందుల ముప్పును లోకానికి చెప్పిన రేచల్ కార్సన్ 1964లో మరణించారు; 1962లో వెలువడిన ఆమె 'సైలెంట్ స్ప్రింగ్'కు మన దేశంలో 2024తో గడువు ముగిసినా, అమెరికాలో 2057 చివరి దాకా రక్షణ ఉంది. డాలస్‌లో ఉండి ఆ పుస్తకం చదివి అప్‌లోడ్ చేద్దామనుకున్న ఒక శ్రోతకు ఈ సంగతి చెప్పినప్పుడు, "మన దేశంలో తప్పు కానిది ఇక్కడెలా తప్పవుతుంది?" అని ఆయన కొంచెం నొచ్చుకున్నారు.

ఇక ప్రకృతి పుస్తకాలకే ప్రత్యేకమైన తలనొప్పి పక్షి కూతలు. పక్షికి కాపీరైట్ ఉండదన్న మాట నిజమే. అయితే తెల్లవారుజామున మైకు పట్టుకొని పొదల పక్కన కూర్చొని ఆ కూతను పట్టినవారికి ఆ రికార్డింగు మీద హక్కు ఉంటుంది. 2005లో మొదలైన జీనో-కాంటో వెబ్‌సైటులో లోకంలోని పక్షుల కూతలెన్నో దొరుకుతాయి గాని, ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది. చాలావాటిని వాణిజ్యానికి వాడకూడదు, కొన్నింటిని కత్తిరించి మరో కూర్పులో కలపకూడదు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడిన కలివికోడి గురించిన అధ్యాయానికి గొంతు ఇచ్చిన ఒక యువకుడు, నెట్‌లో దొరికిన ఏదో కూతను దాని కూతేననుకొని వెనక పెట్టి పంపాడు. హక్కుల మాట ఎత్తకముందే, విన్న ఒక రైతు "అయ్యా, ఇది మా చెరువు గట్టు మీద తిరిగే తీతువు కదా" అని తేల్చేశారు.

అపోహ: చూపు లేని పిల్లల కోసం పాఠం రికార్డు చేసినా కేసు పెడతారు.

వాస్తవం: ఈ భయం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పర్యావరణ పాఠాలన్నీ ఒక విద్యార్థి కోసం తన ఫోనులో చదివిపెట్టిన ఉపాధ్యాయురాలు ఒకరు, తోటివారెవరో జైలు మాట ఎత్తగానే అన్నీ చెరిపేశారు. పరీక్షల ముందు ఆ పిల్లవాడికి వినడానికి ఏమీ మిగలలేదు. అచ్చు చదవలేనివారి కోసం, వారు వాడుకోగలిగిన రూపంలోకి ఏ పుస్తకాన్నయినా మార్చి వారికి ఇవ్వడాన్ని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ స్పష్టంగా అనుమతించింది. ఆ పని ఎవరైనా చేయవచ్చు. సంస్థలైతే తయారీ ఖర్చుకు మించి తీసుకోకూడదు, ఆ ప్రతులు మామూలు వ్యాపారంలోకి జారకుండా చూసుకోవాలి. ఇలాంటి పాఠకుల హక్కుల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మనమే. కాబట్టి టీచర్లూ, నిశ్చింతగా చదవండి, ఆ పిల్లలకే ఇవ్వండి. అదే ఫైలును అందరికీ తెరిచి పెట్టవద్దు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. అటవీ శాఖ పుస్తకాలు ప్రభుత్వానివి కనుక అందరివీ అనుకోవడం సరికాదు, వాటికీ ప్రచురణ నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. వినడం చదవడం కింద రాదని పిల్లల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసే తల్లిదండ్రులకు చెప్పేదేమంటే, 2016లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో పెద్దలకు ఒకే పుస్తకంలోని భాగాలిచ్చి చూస్తే, చదివినవారికీ విన్నవారికీ గ్రహింపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సమీక్షలో భాగంగా నాలుగు వాక్యాలు చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అనుమతి అడగడానికి మొహమాటపడవద్దు; చాలామంది రచయితలు, వారి వారసులు సంతోషంగానే ఇస్తారు. కాని ఫోనులో "కానివ్వండి" అన్న మాట చాలదు, లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో ఆడియో రూపమని, ఎన్నేళ్లకని, ఏయే దేశాలకని విడివిడిగా రాయించుకోండి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది కనుక, అమెరికాలోని మనవాళ్లు కూడా వినాలనుకుంటే ఆ ముక్క సంతకానికి ముందే చేర్పించుకోవాలి.