ప్రూసిక్‌తో తాడెక్కడం: అపోహలు - వాస్తవాలు

భువనగిరి కొండ మీద క్లైంబింగ్ నేర్పేటప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది: "సార్, జుమార్ లేకపోతే పైకి ఎలా?" జుమార్ అంటే తాడుని పట్టుకుని పైకి మాత్రమే జరిగే లోహపు పరికరం. ఓవర్‌హ్యాంగ్ (బయటికి పొడుచుకొచ్చిన రాయి) దగ్గర జారి, రాయి చేతికి అందకుండా గాలిలో వేలాడితే తాడే దారి. ర్యాపెల్ చేస్తూ, అంటే తాడు మీద కిందికి దిగుతూ, ఆగాల్సిన చోటు దాటిపోయినా అంతే. అలాంటి రోజు ముందే చెప్పి రాదు కాబట్టి, రోజూ హార్నెస్‌కి (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలకి) ఉండే తేలికైన సామానుతోనే తాడెక్కడం నేర్చుకోవాలి.

అపోహ: జుమార్లు లేకుండా కుదరదు.
ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ తన పేరుతో నిలిచిన ముడిని, అంటే సన్నటి తాడు లూపుని పెద్ద తాడుకి చుట్టి వేసే, బరువు పడితే పట్టి బరువు తీస్తే జరిగే ముడిని, 1931లో పర్వతారోహకులకు పరిచయం చేశారు. జుమార్ వచ్చింది 1958లో. హ్యాండిల్ ఉన్న జుమార్ ఒక్కొక్కటి సుమారు 165 గ్రాములు. 6 మి.మీ. కార్డ్‌తో (సన్నటి తాడుతో) కట్టిన రెండు ప్రూసిక్ లూపులు కలిపినా 100 గ్రాముల లోపే. వాటికి తోడు 120 సెం.మీ. స్లింగ్ (కుట్టిన పట్టీ లూపు), లాకింగ్ కారబైనర్లు (తాళం పడే లోహపు కొక్కేలు) చాలు.

అపోహ: చేతుల్లో బలం ఉండాలి.
పని చేసేది కాళ్లు. పై ముడి హార్నెస్‌కి, కింది ముడి కాలి స్లింగ్‌కి. హార్నెస్‌లో కూర్చుని, మోకాళ్లు మడిచి, కింది ముడిని పైకి జరపాలి. స్లింగ్‌లో నిటారుగా లేచి, వదులైన పై ముడిని పైకి తోయాలి. మళ్లీ కూర్చోవాలి. మొదట్లో ఎంత తొక్కినా పైకి రారు, కంగారు పడకండి. క్లైంబింగ్‌లో వాడే డైనమిక్ (సాగే) తాడు 80 కిలోల బరువుకి 10 శాతం దాకా సాగొచ్చు. ముందు ఆ సాగుడు తీరాలి. మెల్లగా లేవండి, ఊగితే పైన రాతి అంచుకి తాడు ఒరుసుకుంటుంది.

అపోహ: కార్డ్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.
సన్నది గట్టిగా పట్టే మాట నిజమే. కానీ ప్రమాణాల ప్రకారం 4 మి.మీ. కార్డ్‌కి ఉండాల్సిన కనీస బలం 3.2 కిలోన్యూటన్లు, 6 మి.మీ.కి 7.2 (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు). పది మి.మీ. తాడు మీద నేను 6 మి.మీ. నైలాన్ కార్డే వాడతాను. డైనీమా అనే సన్నటి, బలమైన పీచుతో చేసిన స్లింగ్‌తో ముడి వేయడం నాకు ఇష్టం లేదు. అది నున్నగా జారుతుంది, సుమారు 145 డిగ్రీలకే కరుగుతుంది. నైలాన్ 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది.

అపోహ: ముడి బిగిస్తే ఇక భయం లేదు.
నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ నమ్మకమే. ముడి జారుతోందని అనిపించగానే మనిషి చెయ్యి తెలియకుండానే దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుతో ముడి బిగుసుకోదు, చెయ్యితోపాటే కిందికి జారుతుంది. జారుతున్న కొద్దీ వేడెక్కుతుంది. తాడు తడిగా ఉన్నా, మంచు పట్టినా పట్టు తగ్గుతుంది. అప్పుడు ఇంకో చుట్టు వేయాలి. పై ముడికీ హార్నెస్‌కీ మధ్య వదులు ఉంచకూడదు, ఎందుకంటే ప్రూసిక్ పడిపోతున్న మనిషిని ఆపడానికి పుట్టింది కాదు.

అందుకే మూడు నాలుగు మీటర్లకోసారి ఆగండి. కింద వేలాడే తాడులో ఫిగర్ ఎయిట్ (8 అంకె ఆకారపు) ముడి వేసి, లాకింగ్ కారబైనర్‌తో హార్నెస్‌కి తగిలించుకోండి. కొత్తది తగిలించాకే పాతది విప్పండి. ప్రూసిక్ జారినా ఈ బ్యాకప్ ముడి ఆపుతుంది. అరనిమిషం పని. దీన్ని వదిలేసిన స్టూడెంట్‌ని నేను రెండో అడుగు వేయనివ్వను.

అపోహ: పళ్లున్న చిన్న క్లాంప్ ముడి కంటే భద్రం.
అలాంటి క్లాంప్ అయిన టిబ్లాక్ 35 గ్రాములే, బాగా పట్టుకుంటుంది. కానీ తాడు వదులుగా ఉన్నప్పుడు మనిషి పడితే దాని పళ్లు తాడు పైపొరను చీల్చేయగలవు. బిలేకి (ఎక్కేవాళ్లని తాడుతో కాపాడటానికి) గ్రిగ్రి అనే, తాడుని తనంతట తానే పట్టుకునే పరికరం వాడేవాళ్లయితే దాన్నే హార్నెస్ వైపు ఉంచి, పైన ఒక్క ప్రూసిక్‌కి కాలి స్లింగ్ తగిలిస్తే సరిపోతుంది. బ్యాకప్ ముడులు అప్పుడూ వేయాలి.

అపోహ: లాగినా రాని తాడు బరువు మోస్తుంది.
ర్యాపెల్ అయ్యాక, పైన రెండు పేటలుగా వేసిన తాడుని ఒక కొస పట్టి కిందికి లాగుతాం. అది చిక్కుకుంటే ఎక్కడ, ఎలా ఇరుక్కుందో కింద నుంచి కనిపించదు. రెండు కొసలూ చేతికి అందుతుంటే రెండింటినీ కలిపి ప్రూసిక్ వేసి ఎక్కొచ్చు. ఒక కొస పైకి వెళ్లిపోయిందంటే ఆ తాడుని నమ్మి వేలాడొద్దు. కింద మిగిలిన తాడుతో బిలే తీసుకుని, రాతి పగుళ్లలో గేర్ (పడితే ఆపే సామాను) పెట్టుకుంటూ రాయి మీదే ఎక్కాలి. అదీ కుదరకపోతే అందినంత తాడు కోసుకుని, ఆ ముక్కతో చిన్న చిన్న ర్యాపెల్‌లుగా దిగండి.