పట్టు వదిలే క్షణం

‘గుర్రానికి గుగ్గిళ్ళు తినడం నేర్పాలా?’ అని సామెత. మనిషి చెయ్యి ఎరగని గుర్రానికి నిజంగానే నేర్పాలి. అమెరికా పశ్చిమ మైదానాల నుంచి పట్టి తెచ్చిన మస్టాంగ్ అనే అడవి గుర్రాల ముందు దాణా తొట్టి పెడితే చాలావాటికి అది తిండని తెలియదు. క్యారెట్ ముక్కను వాసన చూసి వదిలేస్తాయి. తిండి ఆశ చూపి మచ్చిక చేద్దామనే మన ఎత్తు మొదటి రోజే పారదు. మరి దానికి నచ్చేది మన దగ్గర ఏముంది? ఒక్కటే: మనం దూరంగా జరగడం. ఆ దూరాన్ని కూలి చెల్లించినట్టు సరైన సమయానికి చెల్లించడమే శిక్షణ. తక్కినవన్నీ దాని తర్వాతే.

అడవి గుర్రం అనే మాటకు ఒక సవరణ కావాలి. మస్టాంగ్‌లు స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పెంపుడు గుర్రాల సంతతి. 1971లో అమెరికా వాటికోసం ప్రత్యేక రక్షణ చట్టం చేసింది గానీ జన్యువుల లెక్కలో అవీ పెంపుడు గుర్రాలే. అస్సాంలోని డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కులో తిరిగేవీ రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక గుర్రాల వారసులే. మనిషికి ఎన్నడూ లొంగనిదిగా పేరుపడ్డది మంగోలియా ప్రెజ్‌వాల్‌స్కీ గుర్రం. దాని క్రోమోజోములు 66, మన గుర్రానికి 64. అంటే మస్టాంగ్ నెత్తుటిలో అడవి లేదు, అనుభవంలో ఉంది. మేళాలో కొని డీసీఎంలో హైదరాబాద్ తెచ్చిన మూడేళ్ళ మార్వాడీ జాతి గుర్రప్పిల్ల సంగతీ, మందలోనే పెరిగి మెడన పగ్గం పడనిదైతే, ఇంతే.

ఇలాంటి గుర్రాలకోసం, వాటిని పట్టుకునే మనుషులకోసం జరిగే నాలుగైదు రోజుల శిబిరాన్ని క్లినిక్ అంటారు. వైద్యంతో సంబంధం లేదు. నిజానికి అక్కడ ఎక్కువ నేర్చుకోవాల్సింది మనుషులే. మన నగరంలో స్వారీ నేర్చినవాళ్ళలో చాలామంది మలక్‌పేట లాంటి రేసుకోర్సుల నుంచి రిటైరయిన థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాల మీద నేర్చినవాళ్ళు. ఆ గుర్రాలు పుట్టిన రోజు నుంచీ మనుషుల చేతుల్లో పెరిగాయి. తాడు లాగితే వెంట వస్తాయి, కాలు తడితే ఎత్తుతాయి. తాడు లాగితే గుర్రం వస్తుందనేది ప్రకృతి నియమం కాదనీ, ఎవరో ఎప్పుడో ఓపిగ్గా నేర్పిన పాఠమనీ ఆ అలవాటులో మరిచిపోతాం.

ముందు చోటు సంగతి. గుండ్రటి ఆవరణ కావాలి, అడ్డంగా 50 నుంచి 60 అడుగులు. మూలలుంటే గుర్రం మూలలో ఇరుక్కుని, దారి లేక వెనక్కి తిరిగి తంతుంది, లేదా దూకుతుంది. అందుకే కంచె 6 అడుగులకు తగ్గకూడదు. అడుగు కమ్మికీ నేలకీ మధ్య గిట్ట ఇరికే సందు ఉండకూడదు. ఇసుక మూడు నాలుగు అంగుళాలు చాలు, అంతకు మించి పోస్తే కాళ్ళ స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తాళ్ళ) మీద భారం పడుతుంది. కొత్త గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. కొనేటప్పుడే గ్లాండర్స్ రక్తపరీక్ష చూసుకోవాలి, అది మనుషులకూ సోకే జబ్బు. విడిగా అంటే ఒంటరిగా అని కాదు. ముక్కులు తగలనంత దూరంలో, కంటికి కనిపించేలా నెమ్మదైన మరో గుర్రాన్ని కట్టాలి. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గానీ కలలొచ్చే గాఢనిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. కాపలా కాసే తోడు లేదనుకుంటే రోజుల తరబడి నడుం వాల్చదు. నిద్ర లేని గుర్రానికి ఏదీ ఎక్కదు, పైగా చిన్న చప్పుడుకే పేలిపోతుంది.

ఇప్పుడు దాని కళ్ళతో చూద్దాం. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తాయి. కనబడనివి రెండే చోట్లు: నుదుటి ముందు కొంచెం, తోక వెనక కొంచెం. కొత్తవాళ్ళు సరిగ్గా ఆ రెండు చోట్లకే పోతారు. ఎదురుగా వచ్చి నుదుటి మీద చెయ్యి వేయబోతారు, లేదా వెనక నుంచి తిరుగుతారు. భుజం వైపు నుంచి, కొంచెం ఏటవాలుగా, మామూలు నడకతో వెళ్ళాలి. పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ పోతే వేటాడే జంతువు నడకే గుర్తొస్తుంది.

ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు? ప్రతి జంతువుకీ ఒక పారిపోయే దూరం ఉంటుందని స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ చెప్పాడు. మొదటి రోజు పనల్లా ఆ గీత ఎక్కడుందో కనుక్కోవడం. నడుస్తూ వెళ్తుంటే ముందు ఒక చెవి మనవైపు తిరుగుతుంది, తర్వాత తల లేస్తుంది, తర్వాత బరువు వెనక కాళ్ళ మీదికి పోతుంది, ఆ తర్వాత పరుగు. తల లేచిన దగ్గరే ఆగాలి. గుర్రం కదలకుండా నిలిచి, తల వేలెడంత దించినా చాలు, మనం వెంటనే రెండడుగులు వెనక్కి వేయాలి. పరిగెత్తాక వెనక్కి జరిగితే, పరిగెత్తితే మనిషి పోతాడని నేర్పినట్టవుతుంది. ఒకటే అడుగు, ఒకటే దూరం. ముందు వేస్తే ఒక పాఠం, తర్వాత వేస్తే దానికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం.

దీన్ని మనస్తత్వశాస్త్రంలో రుణాత్మక ప్రబలనం అంటారు. పేరు చూసి శిక్ష అనుకోకూడదు. రుణాత్మకం అంటే ఇక్కడ తీసివేత: ఇబ్బంది పెట్టేదాన్ని తీసేయడం వల్ల, అది తీసేసిన క్షణానికి ముందు చేసిన పని బలపడుతుంది. ఆ ‘క్షణానికి ముందు’ అన్నదే కీలకం. ఒక సెకను ఆలస్యమైతే గుర్రం ఈలోపు ఇంకేదో చేసి ఉంటుంది, బహుమతి దానికి ముడిపడుతుంది. ఒత్తిడి ఎప్పుడు మొదలుపెట్టావన్నది గుర్రం పెద్దగా పట్టించుకోదు. ఎప్పుడు ఆపావన్నదే గుర్తుపెట్టుకుంటుంది.

తొలి స్పర్శ చేత్తో కాదు, కర్రతో. ఏడెనిమిది అడుగుల తేలికైన వెదురు కర్ర చివర మెత్తటి గుడ్డ చుట్టి, మెడ భుజాన్ని కలిసే మూపురం దగ్గర ఆనించాలి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూశారు. గుర్రం కదిలితే కర్ర కూడా దానితోపాటే కదలాలి, ఊడి రాకూడదు. ఒక్క సెకను నిలబడితే తీసేయాలి. పది పన్నెండు సార్లయ్యాక కర్రను పొట్టిగా పట్టుకుంటూ వస్తే ఒక దశలో చెయ్యే ఆనుతుంది. అప్పుడు గోకాలి. మెడ మీద చప్పుడయ్యేలా చరచడం మనకు మెచ్చుకోలు, దానికి దెబ్బ. రెండో పక్క మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఎడమ కన్ను చూసింది కుడి కంటికి తెలియదని చాలామంది నమ్ముతారు, అది అపోహ. సమాచారం మెదడు రెండు పక్కలకీ అందుతుంది. అయినా కుడివైపు మనిషి నిలబడ్డ తీరు, తప్పించుకునే దారి వేరు కాబట్టి మళ్ళీ నేర్పక తప్పదు.

పగ్గం దగ్గరే క్లినిక్‌లు గెలుస్తాయి, ఓడుతాయి. తలకట్టు ముక్కుపట్టీ చెంప ఎముక గట్టుకు రెండు వేళ్ళు కిందుగా ఉండాలి. ఇంకా కిందికి జారితే ముక్కు ఎముక సన్నబడే చోట పడి, లాగినప్పుడు గాయమవుతుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. తాడు 12 అడుగులు. ఎన్నడూ చేతికి చుట్టుకోకూడదు, మడతలు పేర్చి పట్టుకోవాలి. చుట్టుకున్న తాడు వేళ్ళను తెంపుకుపోతుంది.

సంక్రాంతికి పతంగి ఎగరేసిన ఏ హైదరాబాదీకైనా ఢీల్ అంటే, దారం వదులు చేయడమంటే, చెప్పక్కర్లేదు. ఇక్కడ దాన్ని తిరగేసి వాడాలి. పతంగి లాగినప్పుడు ఢీల్ ఇస్తాం. గుర్రం లాగినప్పుడు ఇవ్వకూడదు, లాగడం ఆపినప్పుడు ఇవ్వాలి. పక్కకు నిలబడి, తాడులో వేలితో పట్టేంత బిగువు మాత్రం తెచ్చి, అలాగే ఉంచాలి. పెంచొద్దు, తగ్గించొద్దు. మెడ వెనక ఒత్తిడి తగిలిన గుర్రం మొదట దానికి ఎదురు నెడుతుంది, అది సహజం. 350 కిలోల జంతువుతో బలపరీక్షకు దిగితే ఓడేది మనమే, పైగా తాను గెలవగలనని దానికి తెలిసిపోతుంది. ఎదురు తాడుగుంజాట లేకుండా బిగువు నిలకడగా ఉంటే, ఎక్కడో ఒకచోట ముక్కు మనవైపు అంగుళం తిరుగుతుంది. ఆ అంగుళానికే తాడు పూర్తిగా జారవిడవాలి. తర్వాత రెండంగుళాలు అడగాలి, తర్వాత ముందుకాలి బరువు, తర్వాత ఒక అడుగు. మొదటిసారే అడుగు అడిగేవాళ్ళకు దొరికేది తాడుగుంజాటే.

ఈ దశలో శిక్షణార్థులు చేసే తప్పు చెబితే నవ్వొస్తుంది. గుర్రం చక్కగా ముక్కు తిప్పుతుంది, పట్టుకున్నవాడు ఆ సంబరంలో గట్టు మీది వాళ్ళతో మాట్లాడుతూ తాడు వదలడం మరిచిపోతాడు. ఫలితం దక్కని గుర్రం వేరే ఉపాయాలు వెతుక్కుంటుంది: తల విసరడం, ముందుకాలు లేపడం. అప్పుడు భయపడి తాడు వదులుతాడు. పావుగంటలో ముందుకాళ్ళు లేపే గుర్రం తయారు. తర్వాత దాన్ని మొండిదంటారు.

రెండో తప్పు అలసటను మచ్చిక అనుకోవడం. ఆవరణలో గుండ్రంగా అరగంట పరిగెత్తిస్తే ఏ గుర్రమైనా ఆగుతుంది, నాలుక చప్పరిస్తుంది. ఆ చప్పరింపును లొంగుబాటుకు గుర్తని చాలామంది చెబుతారు. భయంలో నోరెండిపోయి, అది తగ్గాక మళ్ళీ లాలాజలం ఊరినప్పుడూ అలాగే చప్పరిస్తుంది. అంటే అంతకుముందు బాగా భయపెట్టామనే అర్థం. పైగా మన ఎండల్లో ఈ పద్ధతి ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో పని ఉదయం ఏడున్నరకల్లా ముగియాలి. డొక్క చూసి ఊపిరి లెక్కపెట్టొచ్చు: విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16. పాఠం మధ్యలో ఎగబాకితే, దిగేదాకా కొత్తది మొదలుపెట్టకూడదు. ఒక్కో పాఠం పది పదిహేను నిమిషాలు చాలు. రోజూ నేర్పిన పోనీలకన్నా వారానికి ఒకసారి నేర్పినవాటికి తక్కువ పాఠాలే సరిపోయాయని 1980లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది. అయిదు రోజుల్లో అన్నీ చూపించాలనుకునే నిర్వాహకులకు ఇది రుచించదు.

కాళ్ళెత్తడం, నాల్‌బంద్ (గిట్టలకు నాడాలు కొట్టేవాడు) సుత్తి చప్పుడు, టార్పాలిన్, గొడుగు అన్నిటికీ సూత్రం ఇదే కాబట్టి విడివిడిగా చెప్పను. కాలు విషయంలో ఒక్క జాగ్రత్త: గుర్రం లాక్కోకముందే మనమే కింద పెట్టాలి, మొదట్లో ఒక్క సెకను చాలు. హైదరాబాద్‌లో వేరేగా చెప్పాల్సింది చప్పుళ్ళ గురించి. బారాత్ బ్యాండు, మార్ఫా వాయిద్యాలు, డీజే, బోనాల డప్పులు, దీపావళి టపాసులు. ఒక్కసారిగా వీటి మధ్య కట్టేసి ‘అదే అలవాటు పడుతుంది’ అనడం ఉంది. కొన్నిసార్లు గుర్రం నిజంగానే కదలకుండా నిలబడుతుంది. దగ్గరికి వెళ్ళి చూడండి: చెవులు తిరగవు, కన్ను ఒకేచోట నిలిచిపోతుంది, నోటి దగ్గర పచ్చగడ్డి పెట్టినా తీసుకోదు. అది శాంతం కాదు, ఏం చేసినా తప్పించుకోలేనని తెలిసి కొయ్యబారడం. తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు ఆ తర్వాత దారి తెరిచి ఉన్నా కదలకపోవడాన్ని 1967లో మనస్తత్వవేత్తలు సెలిగ్‌మన్, మేయర్ చూపించారు. అలాంటి గుర్రం ఏదో ఒక రోజు ఊరేగింపు నడుమ ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. చప్పుడును చెవి మాత్రం కదిలేంత దూరం నుంచి మొదలుపెట్టి, గుర్రం మళ్ళీ గడ్డి మేయడం మొదలెట్టాకే దగ్గర చేయాలి.

జీను మాట క్లినిక్‌లో ఎత్తకపోతేనే మంచిది. వెన్నెముక ఎదిగే పలకలు పూర్తిగా మూసుకునేది అయిదేళ్ళు దాటాకే. వేసి చూపించాల్సి వస్తే కడుపు పట్టీని మూడు విడతల్లో, మధ్యలో నడిపిస్తూ బిగించాలి. వదులుగా వదిలేస్తే జీను తిరిగి పొట్ట కిందికి జారుతుంది. కాళ్ళకు తగిలే జీనుతో పరిగెత్తిన గుర్రానికి ఆ భయం ఏళ్ళు పోదు. తర్వాతెప్పుడో ఎక్కినా మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 15 నుంచి 20 శాతం దాటకూడదు.

క్లినిక్ చివరి రోజు అసలు పరీక్ష స్వారీ కాదు, ఇంటికి వెళ్ళే బండి. డీసీఎం గచ్చు ఛాతీ ఎత్తులో ఉంటుంది, లోపల చీకటి, కాలు పెడితే డొల్ల చప్పుడు. బండిని మట్టి గట్టుకు ఆనించి నిలిపితే ఎక్కాల్సిన ఎత్తు సగానికి తగ్గుతుంది, లోపల గోనెసంచులు పరిస్తే చప్పుడు చస్తుంది. ఇద్దరు సాయిస్‌లు (గుర్రాలను చూసుకునేవాళ్ళు) వెనక తాడు అడ్డం పట్టి నెట్టడం మామూలు పద్ధతి. దాని బదులు రెండు ముందుకాళ్ళు పెట్టగానే దించేయాలి. మళ్ళీ పెట్టించాలి, మళ్ళీ దించాలి. నాలుగు కాళ్ళూ పెట్టినా వెంటనే దించేయాలి. ఎక్కడం రాక ఆగిపోయే గుర్రాలు తక్కువ. వెనక్కి దిగడం రాదు కాబట్టి ఎక్కనివే ఎక్కువ. దిగడం వచ్చాక, ఎనిమిదోసారో పదోసారో, తాడు జారుగానే ఉండగా దానంతట అదే లోపలికి నడుస్తుంది. అప్పుడు కూడా తలుపు వెంటనే మూయకండి.