వల ఉండగా గాలం ఎందుకని అడిగిన పిల్లలకు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో కాలువ గట్టు మీద మీరు అడిగిన ప్రశ్నకు ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేదు. పొద్దున్నే ఆరింటికి గాలాలు వేసుకుని కూర్చుని, ఎండ చురుక్కుమనేదాకా కదలకుండా ఉంటే మనకు దక్కినవి రెండు జెల్లలు, నాలుగు వేళ్ళంత పరిగె ఒకటి. మనకు కాస్త దూరంలో ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, విసురువల మూడే మూడుసార్లు విసిరి, బుట్ట నింపుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. "వల ఉండగా గాలం ఎందుకు తాతయ్యా?" అని అడిగారు. "సరదా" అని ఒక్క మాట అని ఊరుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు గాని, విడమరచి చెప్పకపోతే నా సరదా మీకు మొండితనంగానే కనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ వల ఆయన సంగతి చెప్పాలి. ఆయన చేసింది ముమ్మాటికీ సరైన పని. ఆ బుట్టలోని చేపలు అమ్ముడుపోతేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తక్కువ సమయంలో ఎక్కువ చేపలు రావడం ఆయనకు వినోదం కాదు, బతుకు. పైగా విసురువల తేలిక విద్య అనుకోకండి. గుండ్రటి ఆ వల అంచు చుట్టూ సీసపు గుండ్లు ఉంటాయి. కొంత వలను మోచేతి మీద వేసుకుని, కొంత చేతిలో మడతలుగా పట్టుకుని, నడుము తిప్పి విసిరితే అది గాలిలోనే విచ్చుకుని పళ్ళెంలాగా నీటి మీద పడాలి. అప్పుడే అంచు అన్ని వైపులా ఒకేసారి మునిగి చేపలకు దారి మూసేస్తుంది. నాకు వయసులో ఉన్నప్పుడు ఆ విద్య నేర్చుకోవాలని ఉండేది. విసిరిన ప్రతిసారీ వల ముద్దగా పడేది. కాబట్టి వలను గాని, వల మీద బతికేవారిని గాని చులకనగా చూసే మాట మన ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

అయితే మన సంగతి వేరు. ఆ రోజు మనం గట్టుకు వెళ్ళేటప్పటికే మీ నానమ్మ మధ్యాహ్నం పులుసుకు శీలావతి ముక్కలు బజారులో తెప్పించి ఉంచింది. మనకు చేప దొరికినా దొరకకపోయినా ఎవరూ పస్తు ఉండరు. కూటి కోసం కాని పనికి కూటి కోసం చేసే పని కొలమానం పెట్టి, "మూడు గంటలకు మూడే చేపలు" అని లెక్క కట్టడం దగ్గరే పొరపాటు వస్తుంది. మనం ఆ మూడు గంటల్లో ఏం చేశామన్నది వేరే లెక్క.

ఆ లెక్క ఏమిటో బెండు దగ్గర మొదలుపెట్టి చెబుతాను. జీలుగు మొక్క లోపలి తెల్లని బెండును చిటికెన వేలంత ముక్క కోసి దారానికి కట్టాం కదా, నీటి అడుగున ఏం జరుగుతున్నదో పైనున్న మనకు చెప్పేది అదొక్కటే. చిన్న పరిగెలు చేరి ఎర్రను కొరుకుతూ ఉంటే బెండు చలికి వణికినట్టు టకటకమంటుంది గాని మునగదు. అప్పుడు కర్ర లాగితే ఖాళీ గాలపు ముల్లే పైకి వస్తుంది. జెల్ల అయితే ఆలోచించదు, ఎరను మింగి తన దారిన పోతుంది. బెండు ఒక్కసారిగా మాయమవుతుంది. మోసు చేపది ఇంకో తీరు. దాని నోరు కిందికి తిరిగి ఉంటుంది కనుక అది నేల మీద మేస్తుంది. మనం సీసపు గుండును నేలకు ఆనేటట్టు వదిలితే, అది ఎరతో పాటు ఆ గుండును పైకెత్తగానే బరువు తగ్గి బెండు మునగడానికి బదులు పైకి లేచి పక్కకు వాలుతుంది. మునిగితేనే చేప అనుకునేవాడు దాన్ని చూసి కూడా ఊరుకుంటాడు. నాకు ఈ ఒక్క ముక్క తెలియడానికి రెండు వేసవులు పట్టింది, ఎవరూ చెప్పలేదు మరి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగాన మేస్తుంది. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. ఒకే చెరువులో ఈ మూడూ కలిపి పెంచడానికి కారణం కూడా అదే, ఒకదాని మేతకు ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. వలలో మూడూ కలిసి ఒకే కుప్పగా పడతాయి. గాలం వేసేవాడు మాత్రం ఏ చేప కావాలో అనుకుని, దాని నోరు ఎటు తిరిగి ఉందో గుర్తు చేసుకుని, బెండును ఒక జానెడు పైకో కిందికో జరపాలి. అంటే చేప దొరకకముందే దాని గురించి కొంత తెలిసి ఉండాలి, దొరకనప్పుడు ఇంకొంత తెలుసుకోవాలి. నేను సరదా అన్నది ఇదే.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రాశాడు. అప్పటికి మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. రాజులకు తగిన వినోదాల వరుసలో ఆయన మత్స్యవినోదానికి కూడా చోటిచ్చి, చేపల రకాలు, వాటికి పెట్టవలసిన మేతలు, గాలంతో పట్టే తీరు వివరించాడు. ఆలోచించండి. ఆయన ఒక్క మాట అంటే వంద వలలు నీళ్ళలో పడేవి, వంటశాలకు బండ్ల మీద చేపలు చేరేవి. అంతటివాడు ఏ చేప ఏం తింటుందో ఓపికగా రాసి పెట్టాడంటే, ఆయనకు కావలసింది చేపల రాశి కాదని నాకు అనిపిస్తుంది.

ఇక మీకు ఇంతవరకు చెప్పని ఒక సంగతి. నేను ఇరవై ఏళ్ళ వయసులో ఉండగా ఒక వేసవిలో, డెల్టా కాలువలకు నీరు ఆపేసిన రోజుల్లో, మా స్నేహితులం ఐదుగురం కాలువ అడుగున మిగిలిన ఒక మడుగు చూశాం. నీరు ఇగిరిపోతున్నకొద్దీ చేపలన్నీ అక్కడికే చేరి ఉన్నాయి. చుట్టూ మట్టికట్ట వేసి, గూడ కట్టి, మధ్యాహ్నందాకా నీళ్ళు తోడేశాం. చివరికి బురదలో చేత్తో ఏరుకోవడమే మిగిలింది. జెల్లలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలు, వేలెడైనా లేని పిల్లలు, అన్నీ కలిపి రెండు తట్టలు నిండాయి. అంతకంటే బాగా పనిచేసే పద్ధతి ఉండదు. ఒక్క చేప తప్పించుకోలేదు. ఇళ్ళకు పంచి, తెలిసినవారికి ఇచ్చి కూడా ఒక తట్ట మిగిలిపోయింది. ఆ ఎండకు సాయంత్రానికే వాసన కొట్టింది. మా నాన్నగారు ఏమీ అనకుండా పార అందించి, కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీయమన్నారు. ఆ గోతిలో వేసిన వాటిలో ఎక్కువ వేలెడంత పిల్లలే. తర్వాతి రోజుల్లో గాలానికి పడిన పెద్ద చేపల్లో ఒక్కొక్కటి ఎక్కడ, ఏ వేళ పడిందో ఇప్పటికీ చెప్పగలను. ఆ రెండు తట్టల్లో ఒక్క చేప ముఖం కూడా నాకు గుర్తు లేదు.

కొర్రమీను విషయంలో మరొక మెట్టు ఉంది. తెలంగాణ వారు తమ రాష్ట్ర చేపగా ఎంచుకున్న ఈ చేప గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది, కనుక ఓపికగా చూస్తే అది ఉన్న చోటు తెలిసిపోతుంది. వానాకాలంలో పిల్లలు పెట్టినప్పుడు ఇంకా తేలిక. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైన బుడబుడమంటూ కదులుతుంటే, తల్లో తండ్రో వాటి కిందనే కాపలా తిరుగుతూ ఉంటుంది. ఆ గుంపు మధ్య కప్పను గాని, కప్పలాంటి బొమ్మను గాని ఆడిస్తే పెద్ద చేప ఆకలితో కాకపోయినా, పిల్లల మీదికి ఏదో వచ్చిందని వచ్చి పట్టేస్తుంది. కొర్రమీనును పట్టడానికి ఇంతకంటే ఖాయమైన మార్గం నాకు తెలియదు. అది కూడా గాలమే, కర్రా దారమే, అయినా నేను అలా వేయను. కాపలా పోయాక ఆ పిల్లల్లో ఎన్ని మిగులుతాయో మీరే ఊహించుకోండి. గుంపు కనిపిస్తే కర్ర చుట్టేసి ఇంకో చోటు చూసుకుంటాను. ఎర్రపిల్లలు లేని రోజున తూటికాడ తీగల అంచున కప్పను రెండు గంటలు ఆడించి, నీళ్ళు ఒక్కసారి బద్దలైనట్టు అది లేచినప్పుడు చేతుల్లో వచ్చే వణుకు నాకు చాలు.

బ్యాటరీ తీగలు నీళ్ళలో పెట్టి కరెంటుతో పట్టేవారి గురించి, మందు కలిపేవారి గురించి మీరు విని ఉంటారు. దాని మీద ఎక్కువ రాయను. మందుగుండుతోను, విషంతోను చేపలను చంపడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టంలోనే ఉంది. కరెంటు చేపనూ పిల్లనూ ఎంచదు, పట్టేవాడినీ ఎంచదు.

చిన్నవాడు అడిగిన ఆరు ముళ్ళ స్ప్రింగు సంగతికి వస్తాను. స్ప్రింగు చుట్టూ పిండి ముద్ద నొక్కి, దాని చుట్టూ ఆరు ముళ్ళు వేలాడదీసి నీటిలో వదిలేస్తే, ముద్ద తినబోయిన చేపకు ఏదో ఒక ముల్లు తగులుతుంది. మనం గట్టు మీద నిద్రపోయినా దారానికి కట్టిన గంట మోగి లేపుతుంది. అది తప్పని నేను అనను, కొనుక్కుంటే కోప్పడను. నేను కూడా నైలాన్ దారమే వాడుతున్నాను, బజారులో కొన్న ఉక్కు ముల్లే కడుతున్నాను. పాతదంతా మంచిదనే వాదన నాది కాదు. కొత్త పనిముట్టు ఏది చేతికి వచ్చినా నేను చూసుకునేది ఒక్కటే. నా బదులు అది బరువు మోస్తే సంతోషం. నా బదులు అదే చూసి, అదే తేల్చుకుంటే మాత్రం నాకు వద్దు. స్ప్రింగు వేశాక బెండు చూడవలసిన పని ఉండదు. బెండు చూడకపోతే మోసుకూ జెల్లకూ తేడా మీకు ఎన్నటికీ తెలియదు. కనీసం ఒక్క ఏడాది ఒంటి ముల్లుతో కూర్చుని, ఆ తర్వాత మీ ఇష్టం.

సంక్రాంతికి మీరు వచ్చేసరికి మూడు వెదురు కర్రలు కోసి నీడలో ఆరబెట్టి ఉంచుతాను. పచ్చి కర్ర బరువుగా ఉండి చెయ్యి నొప్పి పుడుతుంది. ముళ్ళు మీరే తెచ్చుకోండి, మరీ పెద్దవి వద్దు. ముల్లు లోపలి కొక్కిని పట్టకారుతో నొక్కేద్దాం. చిన్న చేప పడితే నోరు చిరగకుండా విడిపించి, చెయ్యి తడి చేసుకుని వదిలేయవచ్చు. జెల్లను మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు, దాని వీపు మీదా, రెండు పక్కలా ఉన్న ముళ్ళు గుచ్చుకుంటే సాయంత్రందాకా సలుపుతుంది. ఎర్రలకు మన అరటిబోదెల వెనుక తడి నేల బాగుంటుంది. ముందురోజు సాయంత్రమే తవ్వుకుని కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి పెట్టుకుందాం. ఉదయం ఐదున్నరకు లేపుతాను. మంచు ఉంటుంది, చెవులకు ఏదైనా కట్టుకుని రండి.

ఇట్లు,
మీ తాతయ్య