ఓనర్స్ క్లబ్‌లో చలామణీ అయ్యే మాటలు: అపోహలు – వాస్తవాలు

ఒకే మోడల్ కారున్నవారంతా కలిసి నడుపుకునే ఓనర్స్ క్లబ్‌లో సాంకేతిక ప్రశ్నలకు జవాబు చెప్పే పని సహజంగానే నాలాంటి వర్క్‌షాపు మనుషుల మీద పడుతుంది. అక్కడ తిరిగే అపోహల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. చాలావరకు ఒకప్పుడు ఏదో ఒక ఇంజిన్ విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజమైన మాటలే. ఆ ఇంజిన్ల తయారీ ఆగిపోయినా, మాటలు మాత్రం ఒకరి నుంచి మరొకరికి చేరుతూ సంబంధం లేని కార్లకు అంటుకుంటున్నాయి. కాబట్టి ఏ మాటనైనా కొట్టిపారేసే ముందు అది ఏ కారు కోసం పుట్టిందో చూడటం అవసరం.

అపోహ: స్టార్ట్ చేశాక పది నిమిషాలు కదల్చకుండా ఇంజిన్‌ను వేడెక్కనివ్వాలి.

వాస్తవం: పెట్రోలును గాలిలో కలిపే కార్బ్యురేటర్ ఉన్న పాత కార్లకు ఇది సరైన సలహాయే. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి, చోక్ లాగి ఇంజిన్ కుదురుకునే దాకా ఆగకపోతే బండి నాలుగడుగులు వేసి ఆగిపోయేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ పనిని ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, చూసుకుంటోంది. కూలెంట్ ఎంత వేడిగా ఉందో సెన్సర్ ద్వారా తెలుసుకుని, ఎంత ఇంధనం చిమ్మాలో అదే నిర్ణయిస్తుంది. మామూలు వాతావరణంలో అర నిమిషం ఆగి, ఆ తర్వాత ఇంజిన్‌ను ఎక్కువగా రేజ్ చేయకుండా నెమ్మదిగా నడపడమే మేలు. నిలబెట్టి వదిలేస్తే ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఆ సేపంతా అదనంగా చిమ్మిన పెట్రోలులో కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసుకుంటూ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగి అక్కడి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా గేర్‌బాక్సు, వీల్ బేరింగులు, టైర్లు బండి కదిలితే తప్ప వేడెక్కవు. డాష్‌బోర్డు మీది ముల్లు మధ్యకు రాగానే యాక్సిలరేటర్ తొక్కిపట్టేవారు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటుంది: ఆ ముల్లు చూపేది కూలెంట్ వేడిని మాత్రమే, ఆయిల్ ఆ స్థాయికి చేరడానికి ఇంకొంత సమయం పడుతుంది.

అపోహ: ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు పోస్తే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తికి కొలత కాదు. సిలిండర్‌లోని ఒత్తిడికీ వేడికీ పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో ఆ సంఖ్య చెబుతుంది. 91 చాలని తయారీదారు చెప్పిన సాధారణ ఇంజిన్‌లో 97 పోస్తే ఖర్చు తప్ప దాదాపు ఏమీ పెరగదు. కానీ ఎక్కువ ఆక్టేన్‌కు తగ్గట్టుగా తయారైన టర్బో ఇంజిన్‌లో తక్కువ రకం పోసినప్పుడు, పెట్రోలు తనంతట తాను అంటుకుని ఇంజిన్ కొట్టుకుంటుంది (దీన్నే నాక్ అంటారు); నాక్ సెన్సర్ దాన్ని పసిగడుతుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ తగ్గుతుంది. అటువంటి కారున్న సభ్యుడు మంచి పెట్రోలు పోయగానే బండి లేచిందని చెబితే నమ్మవచ్చు. అయితే అతనికి దక్కింది కొత్త పవర్ కాదు, అంతవరకూ పోగొట్టుకున్నదే.

అపోహ: ఆయిల్ నల్లబడితే పాడైనట్టే; పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోయాలి.

వాస్తవం: ఆయిల్‌లోని డిటర్జెంట్ రసాయనాలు మసిని ఇంజిన్ భాగాలకు అంటనీయకుండా తమలో పట్టి ఉంచుతాయి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడటం అది తన పని చేస్తోందనడానికి గుర్తు. రంగును కాదు, మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లనూ నెలలనూ చూసి, వాటిలో ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. ఇక చిక్కదనం సంగతి: 5డబ్ల్యూ-30 అన్నప్పుడు 5డబ్ల్యూ చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది, 30 అనేది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనానికి సంబంధించిన గ్రేడు. వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఉన్న ఇంజిన్లలో సన్నటి దారుల గుండా వెళ్లే ఆయిల్ ఒత్తిడే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కోణాన్ని మారుస్తుంది; అక్కడ తోచిన గ్రేడు పోస్తే ఆ యంత్రాంగం తడబడుతుంది. ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోయడం వల్ల లోపం కొంతకాలం బయటపడకుండా ఉంటుంది, అంతే.

అపోహ: స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లను చదివే పరికరం) పెడితే పాడైన పార్టు పేరు చెప్పేస్తుంది.

వాస్తవం: క్లబ్ సభ్యుల డబ్బు అన్నిటికంటే ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లనేనని నా అభిప్రాయం. చెక్ ఇంజిన్ లైటు వెలిగిన కారులో పి0171 అనే కోడ్ వచ్చిందనుకుందాం. దాని అర్థం మొదటి బ్యాంకులో (సిలిండర్ల వరుసలో) మిశ్రమం పలుచగా ఉందని, అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని మాత్రమే. ఆ సమాచారం ఇచ్చింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి, చాలామంది ముందుగా దాన్నే మార్చేస్తారు; కబురు తెచ్చినవాడికి శిక్ష వేయడం లాంటిది ఇది. అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ విలువలను, అంటే ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెలను, చూస్తే దారి దొరుకుతుంది. ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కు పెంచినప్పుడు మామూలు స్థాయికి దిగితే, ఇన్‌టేక్ వైపు ఎక్కడో గాలి లీకవుతోందని, అంటే ఒక పైపు పగిలిందనో గ్యాస్కెట్ దెబ్బతిన్నదనో అనుమానించాలి. దానికి భిన్నంగా లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతూ పోతే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, ఎయిర్ ఫ్లో సెన్సర్ల వైపు చూడాలి. 'నేను ఫలానా సెన్సర్ మార్చాను, లైటు పోయింది' అనే మాటను కూడా జాగ్రత్తగా వినాలి. కోడ్ చెరిపేశాక లైటు కొన్నాళ్లు వెలగకపోవడం మామూలే.

అపోహ: ఈ మోడల్‌లో అందరికీ ఇదే సమస్య.

వాస్తవం: కారు బాగా నడుస్తున్నవారు ఆ విషయం చెప్పడానికి పనిగట్టుకుని రారు, పాడైనవారే వస్తారు. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో క్లబ్‌కు తెలుసు, అమ్ముడైన కార్లలో ఎన్ని నిక్షేపంగా తిరుగుతున్నాయో తెలియదు. కాబట్టి ఒక భాగం ఎంత తరచుగా పాడవుతుందో చెప్పడానికి మన దగ్గరి సమాచారం చాలదు. అది ఎలా పాడవుతుందో, ముందుగా ఏ చప్పుడు వస్తుందో, విప్పడానికి ఏ బోల్టు అడ్డం వస్తుందో చెప్పడానికి మాత్రం అంతకు మించినది దొరకదు, ఒక్కోసారి కంపెనీ సర్వీసు పుస్తకం కూడా దాని ముందు తీసికట్టే. ఫిర్యాదుతో పాటు తయారీ సంవత్సరం, ఇంజిన్ కోడ్, తిరిగిన కిలోమీటర్లు అడగాలని నేను పట్టుబట్టేది అందుకే. ఒకే పేరుతో అమ్మిన కారులో మధ్యలో ఇంజినే మారిపోయి ఉండవచ్చు.

కొన్నిటికి పెద్ద వివరణ అక్కరలేదు. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందనేది పాతకాలపు బ్యాటరీ పెట్టెల నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. కూలెంట్ రంగును బట్టి దాని రసాయనం ఏమిటో చెప్పలేము, రంగు కలిసింది కదా అని రెండు రకాలను కలపకూడదు.

అపోహ: తక్కువ తిరిగిన కారు కొత్తదానితో సమానం.

వాస్తవం: అమ్మకాల్లో బాగా పనిచేసే మాట ఇది, కానీ కారులో చాలా భాగాలకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే. మనం వాడే బ్రేక్ ఫ్లూయిడ్లలో ఎక్కువ భాగం గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నిర్ణీత మోతాదులో తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడవాటి ఘాట్ దిగుతూ బ్రేకులు అదేపనిగా వాడినప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. టైమింగ్ బెల్టుకు కూడా సంవత్సరాల గడువుంటుంది. అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి. టైరు పక్కన అచ్చయిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2316 అంటే 2016లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ టైరును నమ్మి హైవే ఎక్కవద్దు.

అపోహ: రెండు టైర్లే మారిస్తే కొత్తవి ముందు వేయాలి.

వాస్తవం: ముందు చక్రాలే బండిని లాగుతాయి కదా అనే తర్కం వినడానికి బాగుంటుంది. అయితే తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు అదుపు చేయడం అలవాటు లేనివారి వల్ల కాదు. అందుకే టైర్ల కంపెనీలు కొత్త జతను వెనక వేయమంటాయి. ముందూ వెనకా వేర్వేరు సైజులున్న కార్లలో ఈ ప్రశ్నే రాదు. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పెరిగితే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది; రెండు మార్చాలో నాలుగూ మార్చాలో ఆ కారు మాన్యువల్ చూసి తేల్చుకోవాలి.